రైలొస్తే దెయ్యం పోతుందా?

2024 సెప్టెంబరు 15న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, కోంటా పోలీస్‌స్టేషన్ పరిధిలోని ఎట్కల్ అనే ఊళ్ళో ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురిని సాటి ఊరివాళ్ళే కొట్టి చంపారు. వాళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళు. ఊళ్ళో చావులకీ జబ్బులకీ వాళ్ళ చేతబడే కారణమని అనుమానం. కోంటా అంటే మనకి ఎక్కడో దూరదేశం కాదు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, సరిహద్దు దాటగానే తగిలే ఊరు. అక్కడ తెలుగు తెలిసినవాడికి పని ఆగదు.

ఈ సంగతి మన సంఘం సమావేశంలో చర్చకి వచ్చినప్పుడు ఒక మిత్రుడు అన్నాడు: "అది ఇంకా రైలు మొహం చూడని జిల్లా అండీ. ఒక రైలు, నాలుగు రోడ్లు, ఒక సెల్ టవరు పడనివ్వండి. దెయ్యాలు వాటంతటవే పారిపోతాయి." చాలామంది తలలూపారు. ఈ వ్యాసం ఆ తలలూపిన మిత్రుల కోసం.

సుక్మా జిల్లాలో రైలు లేదన్నది నిజమే. కానీ రైలొస్తే దెయ్యం పోతుందన్న మాటకి ఆధారం ఏమిటి? దేవుడున్నాడనేవాణ్ణి మనం ఆధారం అడుగుతాం. మరి ఈ మాట అన్నవాణ్ణి ఎందుకు అడగం? ఇది మన ఇంట్లో పుట్టిన నమ్మకం కాబట్టి. దీనికి పెద్దల ఆశీర్వాదం కూడా ఉంది. రైళ్ళ వెంట వచ్చే పరిశ్రమ హిందూదేశంలో కులాలకి ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనని కరిగించేస్తుందని కార్ల్ మార్క్స్ 1853లోనే రాశాడు. ఆ సంవత్సరమే బొంబాయి నుంచి థానాకి మొదటి రైలు నడిచింది. నూట డెబ్భై ఏళ్ళు దాటాయి. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనల పేజీ తిప్పి, ఏ మేరకి కరిగిందో మీరే చూడండి.

సరే, బస్తర్‌కి వద్దాం. అక్కడికి రైలు రాకపోలేదు. ఎప్పుడో వచ్చింది. ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి.

బైలదీల కొండలు ఎద్దు మూపురంలా ఉంటాయని ఆ పేరు. వాటినిండా మేలురకం ఇనప రాయి. యుద్ధం తరవాత జపాన్ ఉక్కు మిల్లులకి ఆ రాయి కావలసివచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. రాయిని విశాఖ రేవుకి చేర్చడానికి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేశారు. తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర ఆ లైను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. 1960లలో, ఆ కొండల్లో, ఆ వానల్లో అంత పని చేసిన ఇంజనీర్లకీ కూలీలకీ ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. 1968లో కిరందుల్ గని పని మొదలుపెట్టింది. బస్తర్ రాయి సొరంగాలు దాటి, సముద్రం దాటి, జపాన్ కొలిమిలో పడటం మొదలైంది.

నేను ఉద్యోగంలో లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఈ లైను ఒక ఖర్చు పద్దులా కనిపిస్తుంది. వేసిన పని ఏదో ఆ పని అది చేసింది. రాయి మొయ్యమన్నారు, మోసింది. మనుషుల్ని మొయ్యడం దానికి ఎప్పుడూ రెండో పనే. రాష్ట్ర రాజధాని రాయపూర్ నుంచి జగదల్‌పూర్‌కి రైల్లో వెళ్ళాలంటే ఈనాటికీ ఒడిశా చుట్టి పోవాలి. రావుఘాట్ మీదుగా రెండిటినీ నేరుగా కలపాల్సిన లైను ఇంకా పూర్తికాలేదు. మనవాళ్ళు విశాఖలో అద్దాల పెట్టె ఎక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేసి, బొర్రా గుహల్లో సున్నపు నీళ్ళు బొట్టుబొట్టుగా కారి గట్టిపడిన దిమ్మకి శివలింగమని దణ్ణం పెట్టి, అరకులో దిగిపోతారు. అక్కణ్ణించి ముందుకి పోయేవాళ్ళు తక్కువ. ఆ దణ్ణం పెట్టినవాళ్ళలో ఇంజనీర్లుంటారు, డాక్టర్లుంటారు. మర్నాడు కోంటా వార్త చదివి "పాపం, అడవి మనుషులు" అనేది కూడా వాళ్ళే.

రైలు పట్టా పక్కనున్న ఊళ్ళలో కూడా సిరహా, గునియా అనే మంత్రవైద్యుల వృత్తి మూతపడలేదు. అయినా వాదన కోసం, బస్తర్‌లో రైలు చాలినంత రాలేదనే ఒప్పుకుందాం. ఎట్కల్‌కి మూడు రోజుల ముందు, 2024 సెప్టెంబరు 12న, అదే రాష్ట్రంలో బలోదాబజార్ జిల్లా ఛర్‌ఛేద్‌లో చంటిబిడ్డతో సహా ఒక కుటుంబంలో నలుగుర్ని ఇదే అనుమానంతో చంపారు. అది బస్తర్ కాదు. సిమెంటు ఫ్యాక్టరీలకి పేరున్న మైదానపు జిల్లా. ఇది కూడా చాలదంటారా? అయితే రైలు పూర్తిగా వచ్చేసిన చోటికే పోయి చూద్దాం. బైలదీల రాయి వెళ్ళిన దేశానికే పోదాం.

టోక్యోలో భూమి కింద రైలు 1927లోనే వచ్చింది. ఆసియాలో అదే మొదటిది. ఆ నగరంలో కసుమిగసెకి అని ఒక భూగర్భ స్టేషను ఉంది. పైన మంత్రిత్వ శాఖల భవనాలు, కింద మూడు మెట్రో లైన్లు కలిసే చోటు. మన ఢిల్లీలో సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషను లాంటిదనుకోండి. 1995 మార్చి 20, సోమవారం ఉదయం, ఉద్యోగులు ఆఫీసులకి పోయే వేళ. ఐదు రైళ్ళలో ఐదుగురు మనుషులు ఎక్కారు. అన్నీ ఈ స్టేషను వైపు వస్తున్న రైళ్ళే. ప్రతివాడి దగ్గరా న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లాలు, మొన సానపెట్టిన ఒక గొడుగు. పొట్లాలు కింద పెట్టి, గొడుగుతో పొడిచి దిగిపోయారు. పొట్లాల్లో ఉన్నది సారిన్ అనే విషం. పదమూడు మంది చనిపోయారు. తరవాత చాలా ఏళ్ళకి, ఆ రోజునుంచీ మంచంలోనే ఉన్న మరొకామె పోయింది. గాయపడినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఎవరు ఆ ఐదుగురు? నిరక్షరాస్యులా, అడవి మనుషులా? ఒకడు గుండె ఆపరేషన్లు చేసే సర్జన్. ముగ్గురు భౌతికశాస్త్రం చదివినవాళ్ళు. వాళ్ళలో ఒకడు టోక్యో విశ్వవిద్యాలయంలో చదివాడు. మిగిలిన ఒకడు ఎలక్ట్రికల్ చదివాడు. విషం తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు కర్బన రసాయనశాస్త్రంలో పైచదువులు చదివిన శాస్త్రవేత్త. వీళ్ళంతా ఓం షిన్రిక్యో అనే మఠం శిష్యులు. గురువు షోకో అసహారా. 1982లో లైసెన్సు లేకుండా మందులమ్మి కేసులో ఇరుక్కున్న మనిషి. తరవాత హిమాలయాలకి వచ్చి జ్ఞానం పొందానన్నాడు. పద్మాసనంలో గాల్లోకి లేస్తానన్నాడు, ఫొటో కూడా వేయించుకున్నాడు. ఆయన స్నానం చేసిన నీళ్ళని శిష్యులు డబ్బిచ్చి కొని తాగారు. ఆయన మెదడు తరంగాలతో తమ మెదడు కలవాలని తలలకి వైర్లున్న టోపీలు పెట్టుకు తిరిగారు. 1989లో ప్రభుత్వం ఆ మఠానికి మతసంస్థగా గుర్తింపు ఇచ్చి, దాంతోపాటు పన్ను మినహాయింపూ ఇచ్చింది. (లెక్కలవాణ్ణి, ఇలాంటివి నా కంటికి ముందు ఆనతాయి.) 2018 జులైలో అసహారానీ మరో పన్నెండుమందినీ ఉరితీశారు.

ఆ సర్జన్ పొడిచిన పొట్లం కసుమిగసెకి స్టేషన్లోకి వచ్చింది. రైల్లో ఏదో ద్రవం కారుతోందని తెలిసి స్టేషను ఉద్యోగులు దాన్ని చేతుల్తో తీసి, నేల తుడిచారు. వాళ్ళలో ఇద్దరు చనిపోయారు. ఆ రైలుని నడిపించేవాళ్ళని చంపినవాడు ప్రాణాలు నిలబెట్టే చదువు చదివిన డాక్టరు. మిత్రుడు చెప్పిన సూత్రాన్ని ఇక్కడ ఎలా అన్వయిస్తారు? టోక్యోలో ఇంకా ఎన్ని రైళ్ళు వేసి ఉండవలసింది?

ఇంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది దాని ముందు ఏడాది జరిగిన సంగతి. 1994 జూన్ 27 రాత్రి మత్సుమొతో అనే ఊళ్ళో ఓం మఠంవాళ్ళే సారిన్ వదిలారు. ఏడుగురు చనిపోయారు. అప్పటికి అది ఎవరి పనో ఎవరికీ తెలియదు. మొదట ఫోన్ చేసి సాయం పిలిచినవాడు ఆ వీధిలో ఉండే ఒక ఉద్యోగి. అతని భార్య ఆ విషానికి కోమాలోకి పోయింది, 2008లో ఆ కోమాలోనే పోయింది. పోలీసులు అతని ఇల్లు సోదా చేశారు. ఇంట్లో ఏవో రసాయనాలు దొరికాయి. అంతే. ఆ దేశపు పత్రికలు, టీవీలు అతన్నే దోషిని చేసేశాయి. వారంలోపే విషం సారిన్ అని తేలింది. ఇంట్లో ఉన్న సీసాలతో అది తయారుకాదన్నది రసాయనం తెలిసినవాళ్ళ మాట. అయినా టోక్యోలో మళ్ళీ అదే విషం చంపేదాకా అనుమానం పూర్తిగా వదల్లేదు. తరవాత క్షమాపణలు చెప్పారు.

ఎట్కల్‌నీ మత్సుమొతోనీ పక్కపక్కన పెట్టి చూడండి. కారణం తెలియని చావులు. భయపడిన జనం. ఎవరో ఒకరు చేసి ఉండాలన్న పట్టుదల. దగ్గర్లో దొరికిన మనిషి. అంతదాకా రెండు ఊళ్ళకీ తేడా లేదు. తేడా తరవాత వచ్చింది. మత్సుమొతో మనిషికి వకీలు ఉన్నాడు, విషం పేరు చెప్పగల ప్రయోగశాల ఉంది, చివరికి ఆలస్యంగానైనా తప్పు ఒప్పుకోక తప్పని పోలీసు శాఖ ఉంది. ఎట్కల్ వాళ్ళకి ఇందులో ఒక్కటీ లేదు. మెదడులో తేడా లేదండీ, మెదడు పొరపాటు పడినప్పుడు పట్టుకుని ఆపే ఏర్పాట్లలో ఉంది.

మా ఎకౌంట్స్ పనిలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఒక మొత్తం ఖర్చయినట్టు కనిపిస్తుంది. దానికి వోచరు రాలేదు, లేక ఏ పద్దుదో తేలలేదు. అలాంటప్పుడు దాన్ని ఎదురుగా కనిపించిన పద్దు మీద వేసేయకూడదు. సస్పెన్స్‌లో పెట్టాలి. ఉత్తరాలు రాయాలి, ఎదుటి ఆఫీసుని విసిగించాలి, నెలలు పట్టినా సరే. కాగితం వచ్చాకే సరైన చోట వేయాలి. "తెలియదు" అని రాసి పెట్టుకునే ధైర్యం పేరే సస్పెన్స్ ఖాతా. హేతువాదమంటే నాకు తెలిసినంతలో ఇంతకంటే పెద్దదేం కాదు. ఎట్కల్ లాంటి ఊళ్ళో ఆ ఖాతా లేదు. చావు జరిగిన రాత్రే దాన్ని ఎవరి పేరు మీదో వేసేయాలి. వేయకపోతే రేపు మరో చావు వస్తుందన్న భయం.

ఆ చావులు ఎలాంటివో కూడా మన పట్నవాసులకి తెలియాలి. బస్తర్ మలేరియా దేశం. మలేరియా మెదడుకి ఎక్కితే పిల్లాడు పొద్దున ఆడుకుని సాయంత్రానికి మూర్ఛలు పోతాడు, పళ్ళు కొరుకుతాడు, మనిషిని గుర్తుపట్టడు, మర్నాటికి ఉండడు. చూసినవాడికి ఎవరో పూని పీకినట్టే ఉంటుంది. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకొచ్చి, నేలమీద పడుకున్నవాణ్ణి కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయి, ఊపిరి ఆగిపోతుంది. ఆరోగ్యంగా పడుకున్నవాడు లేవడు. ఈ రెండూ తెలియని మనిషి చేతబడి అనుకోవడంలో వింతేముంది? మనకీ ఈ రెండూ చెప్పినవాళ్ళు ఉండబట్టే తెలిశాయి. 2020లో అక్కడ ఇంటింటికీ వెళ్ళి రక్తపరీక్ష చేసే మలేరియా కార్యక్రమం మొదలుపెట్టారు. జ్వరం లేకుండా తిరుగుతున్నవాళ్ళలో కూడా మలేరియా దొరికింది. నా దృష్టిలో ఆ రక్తపు చుక్క తీసిన ఆరోగ్య కార్యకర్త మన సంఘాలన్నీ కలిసి చేసినదానికంటే ఎక్కువ హేతువాద ప్రచారం చేసింది.

మొత్తం దేశం లెక్క కూడా ఒకటి చెబుతాను. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతం. అంటే నూటికి డెబ్భై ఏడు చావులకి కారణం కాగితం మీద లేదు. ఇది దేశం సగటు. పట్నాలూ పెద్దాసుపత్రులూ అన్నీ కలిపి. కోంటా అడవుల్లో ఎంత ఉంటుందో ఊహకి వదిలేస్తున్నాను. నా దగ్గరికి ఇలాంటి పుస్తకం ఆడిట్‌కి వస్తే మొదటి పేజీలోనే మూసేవాణ్ణి.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. ఛత్తీస్‌గఢ్‌కి 2005లోనే ఒక చట్టం వచ్చింది, టోనహీ వేధింపుల నివారణ చట్టం. టోనహీ అంటే మన చేతబడిమనిషి. ఫలానా ఆమె టోనహీ అని వేలు చూపినవాడికి మూడేళ్ళ దాకా, హింసించినవాడికి ఐదేళ్ళ దాకా జైలు. విడిపిస్తానని మంత్రం వేసేవాడికీ శిక్ష ఉంది. మంచి చట్టమే. కానీ అదే 2005లో అదే రాష్ట్రంలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, జనం క్యాంపులకో, ఖమ్మం అడవులకో పోయారు. బడులు కొన్ని బలగాల బసలయ్యాయి, కొన్నిటిని మావోయిస్టులు పేల్చేశారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని చెప్పేదాకా అది నడిచింది. ఒక చేత్తో చట్టం, ఇంకో చేత్తో ఆ చట్టాన్ని వివరించగల పంతుల్నీ నర్సునీ ఊళ్ళోంచి తరిమేయడం.

మరో సంగతి. జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా 75 రోజుల పండగ. దాన్ని మొదలుపెట్టడానికి కాఛిన్ దేవి అనుమతి కావాలి. మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నపిల్లని ముళ్ళ ఉయ్యాల మీద పడుకోబెడతారు. ఆ పిల్ల మీదికి దేవి వచ్చి సరేనంటుంది. అధికారులు, నాయకులు చేతులు కట్టుకు నిలబడతారు. పర్యాటక శాఖ దీన్ని గొప్పగా ప్రచారం చేసుకుంటుంది. ఎట్కల్ మనిషి ఏమనుకోవాలి? దేవత పూనితే పర్యాటకం, దెయ్యం పూనితే క్రిమినల్ కేసు. మనిషి మీదికి కంటికి కనపడనిదేదో వస్తుందని సర్కారే ఒప్పుకున్నాక, వచ్చింది మంచిదా చెడ్డదా అన్నదే ఇక మిగిలిన పేచీ. ఆ పేచీ తీర్చడానికి గునియా ఉన్నాడు.

బస్తర్ ఒక్కటే ఎందుకు? 2019 అక్టోబరులో మన రక్షణమంత్రి ఫ్రాన్స్ వెళ్ళి రఫేల్ విమానం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రాకెట్టు ఎగిరే ముందు దాని నమూనా తిరుమల కొండెక్కుతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో కొత్త కంప్యూటర్లకి గుమ్మడికాయ కొట్టి, పురోహితుడి సంభావనతో సహా బిల్లు పెట్టారు. ఆబ్జెక్షన్ రాశాను. పది రోజులకి అదే మొత్తం 'ఆఫీసు శుభ్రత' కింద మళ్ళీ వచ్చింది. జపాన్లో త్సు అనే పట్నం మునిసిపాలిటీ 1965లో వ్యాయామశాల శంకుస్థాపనకి షింటో పూజ చేయించి 7,663 యెన్లు ఖర్చుపెడితే, ఒక కౌన్సిలర్ అది ప్రజల సొమ్మని కోర్టుకెళ్ళాడు. కింది కోర్టులో ఓడి, హైకోర్టులో గెలిచి, 1977లో సుప్రీంకోర్టులో మళ్ళీ ఓడిపోయాడు. అక్కడ కూడా పదిహేనుమంది న్యాయమూర్తుల్లో ఐదుగురు ఆయన పక్షాన నిలబడ్డారు. ఇక్కడ 2011లో గుజరాత్ హైకోర్టులో, హైకోర్టు భవనానికే భూమిపూజ ఏమిటని అడిగినవాడికి ఇరవై వేలు జరిమానా వేశారు.

"అయితే రైలు వద్దంటావా?" అని మిత్రుడు అడుగుతాడు, తెలుసు. వద్దని ఎవరన్నారు? రైలు రావాలి. సుక్మాకీ రావాలి. పాము కరిచినవాణ్ణి మోసుకుపోవడానికి మంచి రోడ్డు అంతకంటే ముందు రావాలి. కాని రైలు తెచ్చేది దానిలో ఎక్కించినదాన్నే. బైలదీల రైల్లో ఎక్కించింది రాయి. డాక్టర్ని ఎక్కిస్తే డాక్టరు దిగుతాడు. ఎవరూ ఎక్కించని హేతువాదం స్టేషన్లో తనంత తాను దిగదు. రాయపూర్‌లో డాక్టర్ దినేశ్ మిశ్రా అనే కంటివైద్యుడు ఏళ్ళ తరబడి ఊరూరూ తిరిగి టోనహీ పేరుతో జరిగే దారుణాల మీద పనిచేస్తున్నారు. పుణెలో నరేంద్ర దాభోల్కర్ అదే పని చేసి 2013 ఆగస్టు 20న తుపాకి గుళ్ళకి బలయ్యారు. ఆయన పోయాకే మహారాష్ట్రకి చట్టం వచ్చింది. తరవాత కర్ణాటక తెచ్చుకుంది. బాణామతి పేరుతో పళ్ళు పీకిన చరిత్ర, చిల్లంగి పేరుతో చంపిన చరిత్ర ఉన్న మన రెండు తెలుగు రాష్ట్రాలకీ ఇప్పటికీ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనం కోంటా వైపు వేలు చూపిస్తూ కూర్చున్నాం.

కార్యదర్శి గారికి మూడు అంశాలు రాసి పంపాను, వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టమని. ఒకటి, చింతూరు, భద్రాచలం ప్రాంతాల్లో పాముకాటు, మలేరియా గురించి కోయభాషలో చెప్పగల వైద్య విద్యార్థుల్ని వెతకడం. రెండు, ఆ మండలాల్లో నమోదైన మరణాల్లో ఎన్నిటికి కారణం రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగడం. దరఖాస్తులు నేనే రాస్తాను, ఆ పని నాకు అలవాటే. మూడు, చేతబడి హత్యల మీద చట్టం కోసం రెండు ప్రభుత్వాలకీ వినతిపత్రం. మొదటిదానికి డబ్బు కావాలి. నా వాటా ఐదు వేలు కోశాధికారి దగ్గర జమచేసి రసీదు తీసుకున్నాను. తలలూపిన మిత్రులు తమ వాటా ఎంతో చెబితే బడ్జెట్ వేస్తాను.